వేరే బీమా ఏమైనా ఉందా?

ముప్ఫై మూడిళ్ళు అయిపోయాయి. ఇంకొక్కటే మిగిలింది. ఆ ఒక్కదాన్నీ గిరిబాబు మూడు రోజులుగా రేపు, ఎల్లుండి అంటూ తోసేస్తున్నాడు. ఎ.కొండూరులో కుక్కలు వెంటపడినా జంకని మనిషి, తిరువూరులో ఈ గుమ్మం ముందుకొచ్చేసరికి రెండుసార్లు చెమట తుడుచుకున్నాడు. ఆ ఇల్లాలి నోరు అలాంటిది మరి!

ఉద్యోగం చిన్నదే. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవాళ్ళకి వేరే బీమా కూడా ఉంటే, ఆసుపత్రి బిల్లు ముందు ఆ బీమా వాళ్ళు కట్టాలి. మిగిలింది ప్రభుత్వం కడుతుంది. ఎవరికి ఉందో, ఎవరికి లేదో ఇల్లిల్లూ తిరిగి తేల్చే పనిని ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టుకిచ్చింది. ఆ కంపెనీ గిరిబాబు చేతికి ఒక టాబ్ ఇచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ప్రతి మాటా అందులో రికార్డవుతుంది. ఫారంలో లేని మాట ఒక్కటి దొర్లినా పైనుంచి ఫోనొస్తుంది.

టాబ్ ఆన్ చేసి గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమమ్మా. కార్డుదారు ప్రమీలారాణి గారు మీరేనా?"

వరండాలో కూర్చున్న ఆవిడ అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"నేనేనండి. అబ్బో, ఎంత మర్యాదండీ మీకు! కూర్చోండి. ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగుతారా?"

"వద్దమ్మా. డ్యూటీలో ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకోకూడదని రూలు."

"అయ్యో రాత! మీ ఆవిడ ఎట్టా వేగుతుందో మీతో."

పక్కింటి సామ్రాజ్యం గోడ మీంచి తొంగిచూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. గిరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. టాబ్‌లోకి తల దూర్చేశాడు.

"మొదటి ప్రశ్న. ప్రస్తుతం ఏదైనా చికిత్స అవసరముందా?"

"గాల్ బ్లాడర్‌లో రాళ్ళండి. సోమవారం బెజవాడలో ఆపరేషన్. కార్డు మీద చేస్తామన్నారు. తీరా చూస్తే నాకు వేరే బీమా ఉన్నట్టు కంప్యూటర్లో చూపిస్తోందంట. ఆపేశారు."

"రెండో ప్రశ్న. ఆ బీమా ఎక్కడిది?"

"మా ఆయన కంపెనీది. పనిచేసేవాళ్ళందరికీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఇన్సూరెన్సు చేయించామని ఆ కంపెనీ ప్రభుత్వానికి కాగితం మీద రాసిచ్చిందంట. ఆ ఇన్సూరెన్సోళ్ళనడిగితే, అసలట్టాంటి పాలసీయే లేదు పొమ్మన్నారు. పేరుకి నాకు రెండు బీమాలండి. పనికొచ్చేది ఒక్కటీ లేదు."

"మీ ఆయన కంపెనీలో అడగలేదా?"

"ఆయనా! ఇంట్లో పులి. సారు ముందు నోరు పెగలదు. రెండుసార్లు అడిగారంట, పాపం."

"మూడు," అన్నాడు గిరిబాబు.

"ఏంటండీ?"

"మూడో ప్రశ్నకొస్తున్నానంటున్నా."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. మొహం పాలిపోయింది. గిరిబాబు ఒక్క ఉదుటున లేచాడు. ఒళ్ళోని టాబ్ జారితే గాల్లోనే పట్టుకున్నాడు. రికార్డింగు ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. తన ఉద్యోగం మీద ఆ క్షణంలో పుట్టినంత రోత అతడికి ఎప్పుడూ పుట్టలేదు.

నొప్పి కాస్త నెమ్మదించాక ఆవిడ కొంగుతో నుదురు తుడుచుకుంది.

"కూర్చోండి. చచ్చిపోలేదులెండి."

గిరిబాబు కూర్చున్నాడు.

"చూడండమ్మా. వేరే బీమా 'ఉంది' అని కొడితే మీ ఆపరేషన్ ఆగిపోతుంది. 'లేదు' అని కొడితే కార్డు మళ్ళీ పనిచేస్తుంది. కానీ ఆ కంపెనీ అబద్ధం రాసిచ్చిందని బయటపడుద్ది. మీ ఆయన్ని ఇక ఉద్యోగంలో ఉంచరు."

ఇదంతా ఫారంలో లేని మాటే. పైనుంచి ఫోను ఖాయం.

"మీరైతే ఏం కొడతారండీ?"

"నన్నడక్కండి."

"అడుగుతాను. పెళ్ళయిన మగాడేగా మీరు, చెప్పండి. పెళ్ళాం కావాలా, ఉద్యోగం కావాలా?"

ఈసారి ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. భయముంది. గిరిబాబుకి ఆ భయం తెలిసింది. తిరువూరులో ఉన్న ఉద్యోగం ఊడితే ఇంకోటి దొరకడం ఎంత కష్టమో కూడా తెలుసు. వేలు 'ఉంది' మీదికి ఒకసారి, 'లేదు' మీదికి ఒకసారి పోయొచ్చింది. ఆఖరికి 'లేదు' నొక్కేశాడు.

"కొట్టారా?"

"కొట్టాను."

"మరి మా ఆయన ఏమంటాడో?"

"ఏమీ అనడులేమ్మా."

"అంత గట్టిగా చెబుతున్నారే!"

"అనడంటే అనడు. ఇక ఒక్క గడి మిగిలింది. భర్త పేరు చెప్పండి."

ఆవిడకి మళ్ళీ ఎక్కడలేని హుషారూ వచ్చేసింది.

"అమ్మమ్మా! మొగుడి పేరు నా నోటితో పలకనండి. మీ రికార్డింగులో అసలే పలకను."

గిరిబాబు ఎంత బతిమాలినా చెప్పలేదు. చేసేది లేక రికార్డింగు ఆపి, చెప్పులు విప్పి, లోపలికెళ్ళి ఆమె వడ్డించిన అన్నం ముందు కూర్చున్నాక, ఆ ఖాళీ గడిలో తన పేరు తనే కొట్టుకున్నాడు.