చెక్కుచెదరని బల్ల

“గీకకు!”

పెళ్లయిన రెండేళ్లలో భర్త అంత గట్టిగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. చేతిలో కారు తాళంచెవి అలాగే ఆగిపోయింది. ఎదురుగా ఆయన పళ్ల క్లినిక్‌లోని రిసెప్షన్ బల్ల, లేత నీలం రంగులో, నిన్ననే తెచ్చి పెట్టినట్టు మెరుస్తోంది.

“మూలన చిన్న గీత గీసి చూద్దామని. ఎవరికీ కనిపించదు లెండి.”

“నాకు కనిపిస్తుంది,” అని డాక్టర్ లోపలికి వెళ్లిపోయాడు.

హోటళ్లకీ, దుకాణాలకీ, ఆసుపత్రులకీ ఏ బల్ల మీద ఏం పరిస్తే ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. పదిహేనేళ్ల అనుభవం. రోజూ వందమంది మోచేతులు ఆనించే చోట, సంచులు ఈడ్చే చోట, స్పిరిట్‌తో పది సార్లు తుడిచే చోట ఏది ఎప్పుడు మాసిపోతుందో చూడగానే చెప్పేస్తుంది. ఈ బల్ల మీదున్నది చెక్కకి అతికించే మామూలు లామినేట్ రేకు. మూడో ఏడు అంచులు లేవాలి. నాలుగో ఏడు వెలిసిపోవాలి. పదకొండేళ్లయినా ఒక్క మరక లేదు!

దాన్ని ఎంచింది డాక్టర్ మొదటి భార్య. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. బతికుండగా లెక్కల టీచరట. దుకాణంలోకి వెళ్లి పది నిమిషాల్లో “ఇదే” అని వేలుపెట్టి చూపించిందట. ఆ పది నిమిషాల దగ్గరే ఆమెకి ఒళ్లు మండేది.

పైగా పాత పేషెంట్లు ఊరుకోరు. “అప్పట్నుంచీ అలాగే ఉందమ్మా ఈ బల్ల. ఆ తల్లి చేతి చలవ!” అని ఒక ముసలాయన వచ్చినప్పుడల్లా దాన్ని నిమిరి మరీ వెళ్తాడు.

ఫోన్‌లో అక్కకి చెప్పుకుంది.

“పోయినావిడ మీద కుళ్లుకుంటావేంటే?” అంది అక్క.

“ఆవిడ మీద కాదు. బల్ల మీద.”

“మరీ బాగుంది. మనిషైతే పోట్లాడొచ్చు. బల్లతో ఏం పోట్లాడతావు?”

పోట్లాడింది. ఇరవై రకాల నమూనా ముక్కలు ఇంటికి తెచ్చి వంటగది గట్టు నిండా పరిచింది. తాళంచెవితో గీకింది, వేడి గిన్నె దించింది, అయోడిన్ పోసి తెల్లారేదాకా వదిలేసింది. డాక్టర్ పాపం, వాటి మధ్య జానెడు చోటు చేసుకుని కాఫీ తాగేవాడు. పందొమ్మిది ముక్కలు ఓడిపోయాయి. క్వార్ట్జ్ రాతి పలక ఒక్కటే నిలబడింది.

ఒక సాయంత్రం రిసెప్షన్‌లో ఎవరూ లేనప్పుడు, చెప్పుకుంటే సిగ్గుచేటు పని ఒకటి చేసింది. నీలం బల్ల మీద ఆ మూలనే అయోడిన్ చుక్క వేసి, కాగితం కప్పి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేసింది. మర్నాడు కాగితం ఎత్తి చూస్తే మరక గోధుమరంగులో దిగబడి ఉంది. ఎన్నాళ్లకో ఆమెకి కడుపు నిండినట్టయింది. అదే రోజు పని మీద వారం పాటు వేరే ఊరు వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే మరక లేదు!

“ఎలా పోయింది?” అని కొత్తగా చేరిన రిసెప్షన్ అమ్మాయిని అడిగింది.

“ఏమోనండీ, సోమవారం నేనొచ్చేసరికే లేదు. ఆదివారం సార్ తుడిపించినట్టున్నారు. మంచి సరుకండీ అది.”

ఆ ‘మంచి సరుకు’ అన్న మాట ఆమెకి కంట్లో నలుసైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తేల్చేసింది. “ఊళ్లో అందరికీ నేను చేసి పెడతాను. నా మొగుడి క్లినిక్‌లో మాత్రం నా చెయ్యి పడకూడదు. అంతేగా?”

డాక్టర్ చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు.

“నీకు అంత కష్టంగా ఉందా?”

“ఉంది.”

“అయితే తీసేద్దాం. అది చేసిన వడ్రంగికి నేనే చెప్తాను.” కంచం పక్కకి జరిపి, “నేను మాత్రం అక్కడ ఉండను,” అన్నాడు.

ఆదివారం ఉదయం ఆమె క్వార్ట్జ్ పలకతో వ్యాన్‌లో దిగింది. క్లినిక్ ముందు నెరిసిన మీసాల వడ్రంగి ఉలి, సుత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మెడలో ఆఫీసు కార్డు చూసి లేచి నిలబడ్డాడు.

“డిజైన్ ఆఫీసు నుంచా మేడం?”

“ఆఁ,” అంది. డాక్టర్ భార్యనని చెప్పుకోబుద్ధి కాలేదు.

వడ్రంగి బల్ల అంచు కింద ఉలి దూర్చాడు గానీ కొట్టలేదు. “సార్ నిజంగానే తీసెయ్యమన్నారా?” అని రెండుసార్లు అడిగాడు.

“నిజంగానే. కొట్టు.”

ఉలి దిగింది. అంచు చిట్లి పైకి లేచింది. అన్నాళ్లూ ఎదురుచూసిన చప్పుడే అయినా, తీరా వినేసరికి ఆమెకి అనుకున్నంత సంతోషం కలగలేదు. గెలిచిన మనిషికి ఓ మెట్టు దిగడం పెద్ద కష్టం కాదనిపించింది.

“పెద్దాయనా, ఈ బల్ల చేసింది నువ్వేనట కదా. పదకొండేళ్లు నిలిచిందంటే గొప్పే. ఏం రకం రేకో చెప్పు, నేనూ వాడుకుంటాను.”

వడ్రంగి నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు. చిట్లిన ముక్కని వేళ్లతో నిమిరాడు.

“రకం ఏముంది మేడం, అన్నిట్లోకీ నాసిది. ఏడాది తిరిగేసరికి మాయడం మొదలవుతుంది. మరక పడిందా, ఇక పోదు.”

“మరి?”

“ఆయమ్మ పోయిన దగ్గర్నుంచీ సార్ ఏటా ఇదే కొత్తది వేయిస్తారు.”