బ్యాంకు దయ

అమెరికాలో, మోరిస్‌విల్‌లో కెన్నీ అద్దెకు ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో, భోజనాల బల్ల చుట్టూ మొదట దైవాశీర్వాదం గారు, ఆయన కుడిప్రక్కన కుమారుడు కెన్నీ, తరువాత కోడలు షారన్, అందరికంటె చివర, తలుపుకు దగ్గరగా, గోపాల్ కూర్చున్నారు. బల్ల మధ్య బ్యాంకు పంపిన నోటీసు ఉన్నది. టీ కప్పులను ఎవరూ ముట్టలేదు.

ఏడాది క్రితం ఉద్యోగం పోయి, నాలుగు నెలలు వాయిదాలు కట్టలేకపోయిన కెన్నీ, తన ఇంటిని గోపాల్‌కు అమ్మివేశాడు. అప్పు మాత్రం కెన్నీ పేరిటనే ఉండిపోయింది. అది మూడు శాతం వడ్డీకి దొరికిన అప్పు. ఈనాడు కొత్తగా తీసుకోవాలంటే వడ్డీ రెట్టింపు. గోపాల్ జీతానికి అందదు. అందుచేత అతడు పదకొండేళ్ళ పొదుపంతా ఇచ్చి, ఇల్లు తన పేరిట వ్రాయించుకొని, కెన్నీ అప్పునే నెలనెలా కడుతూ వచ్చాడు. ఒక్క రోజైనా ఆలస్యం చేయలేదు. ఇల్లు చేతులు మారితే అప్పంతా ఒక్కసారిగా అడిగే హక్కు బ్యాంకుకు ఉన్నది. వాయిదాలు అందుతున్నంత కాలం వారు ఆరా తీయరన్న లాయరు మాటను ఇద్దరూ నమ్ముకొన్నారు.

ఇప్పుడు ముప్పై రోజులలో మొత్తం కట్టాలి. లేకపోతే ఇల్లు వేలానికి పోతుంది.

"రేణుకి ఇంకా చెప్పలేదు," అన్నాడు గోపాల్, భార్యను తలచుకొని. "బేబీ రూమ్‌కి పెయింట్ సెలెక్ట్ చేస్తోంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

తాను ఎవరికీ చెప్పలేదని కెన్నీ ప్రమాణం చేశాడు. గోపాల్ నమ్మలేదు. తన పేరిట ఉన్న అప్పును వదిలించుకోవడానికి కెన్నీయే బ్యాంకుకు తెలిపి ఉంటాడని, కెన్నీ ముఖం చూడకుండా అన్నాడు.

"వేలం వేస్తే మా క్రెడిట్ కూడా పోతుంది అన్నయ్యా," అన్నది షారన్. "ఏడేళ్ళు మాకెవడూ లోన్ ఇవ్వడు."

దైవాశీర్వాదం గారు బల్లమీద వ్రేలితో తట్టారు. ముప్పై ఏళ్ళు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిన కంఠం అది.

"ఒకరి కొంప ముంచినవాడు కనీసం ఒప్పుకోవాలి. అయినా నాకొకటి బోధపడటం లేదు. ఈ అమ్మకాన్ని బ్యాంకువారే దయతో అనుమతించారని నువ్వే కదరా చెప్పావు?"

కెన్నీ తల దించుకొన్నాడు.

"అది అబద్ధం డాడీ. వాళ్ళకి అసలు తెలియదు. తెలియకుండా చేస్తున్నామంటే మీరు నన్ను సైన్ చేయనిచ్చేవారు కాదు."

పెద్దాయన వ్రేలు బల్లమీదనే ఆగిపోయింది. కళ్ళజోడు తీశారు. తుడవకుండానే మళ్ళీ పెట్టుకొన్నారు. కన్నకొడుకు అబద్ధమాడినందుకు ఆయన మనసు విరిగిందని గోపాల్ అనుకొన్నాడు. తన దుఃఖంలోనూ అతనికి జాలి కలిగింది.

"వదిలేయండి అంకుల్," అన్నాడు.

అప్పుడే షారన్ ఫోన్‌కు బ్యాంకు నుంచి సమాధానం వచ్చింది. ఇల్లు చేతులు మారిన సంగతి ఎలా తెలిసిందో చెప్పమని ఆమె నిన్ననే భర్త పేరిట వ్రాసి అడిగింది. మొదటి వాక్యం చదివి, పైకి చదవలేక, ఫోన్‌ను గోపాల్ వైపు త్రిప్పి పెట్టింది.

"ఇల్లు కొన్న గోపాల్ గారి తరఫున మాకు కృతజ్ఞతాలేఖ వ్రాసిన శ్రీ దైవాశీర్వాదం గారికి ధన్యవాదములు."