మూడో కాపీ

“ఇది జిరాక్స్ తీయాలండీ,” అంటూ సత్యదుర్గ కౌంటరు మీద సెల్‌ఫోను పెట్టింది.

పాపారావు ఫోను వంక చూశాడు. ఆ పిల్ల వంక చూశాడు. అమలాపురంలో పద్నాలుగేళ్ళుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. రేషను కార్డులు, పాస్‌పోర్టులు, జాతకాలు ఆ అద్దం మీద పడుకుని లేచాయి. ఫోను మాత్రం ఇదే మొదలు. రెండువేల ఆరులో, ఫోను తెర మీది అక్షరాన్ని కాగితం మీదికి దింపడం ఎలాగో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

“ఏ ఊరమ్మా మనది?”

“ముక్తేశ్వరమండి.”

“అదీ సంగతి! ధర్మరాజుగారూ, విన్నారా? ముక్తేశ్వరంలో ఫోన్లకి జిరాక్సులు తీయించుకుంటున్నారంట. రేపు గేదెని తోలుకొస్తారు, ఇంకో గేదె కావాలని.”

బెంచీ మీద పొలం కాగితాలు పట్టుకుని కూర్చున్న ధర్మరాజు పడీ పడీ నవ్వాడు. “రెండు వైపులా తియ్యవయ్యా. వెనకాల బ్యాటరీ కూడా పడాలి.”

“అసలు జిరాక్స్ షాపు మొహం ఎప్పుడైనా చూసేవా అమ్మాయ్?” అన్నాడు పాపారావు.

“చూసేనండి. పోయిన నెల కాకినాడ హాస్టలు అప్లికేషను ఇక్కడే తీయించేను. మీరప్పుడు భోజనానికి వెళ్ళేరు.”

ఆమె నవ్వలేదు. ఉడుక్కోనూ లేదు. నెమ్మదిగా చెప్పింది.

“దీంట్లో ఒక మెసేజి ఉందండి బాబాయిగారూ. పోలీసు స్టేషన్లో కాగితం మీద పెట్టి ఇమ్మన్నారు. చేత్తో రాసిస్తే నేనే రాసుకున్నానంటారు. మా ఇంట్లో అయితే నంబరు నేనే ఇచ్చేనంటున్నారు. సోమవారం నుంచి చదువు మానెయ్యమన్నారండి.”

పాపారావు వేళాకోళంగా ఫోనుని అద్దం మీద బోర్లించి, మూత వేసి, తీరిగ్గా బటను నొక్కాడు. నల్లటి కాగితం వచ్చింది.

“ఇదిగో, అమావాస్య! నీ మెసేజి ఇందులోనే ఉంది, వెతుక్కో.”

“ఫోను మీట నొక్కేక పదిహేను సెకన్లే వెలుగుంటుందండి. అది ఆరకముందు తీయాలి. నలుపు కాస్త తగ్గించండి.”

ఈ పిల్ల నాకు పని నేర్పుతోందా అనుకుంటూనే తగ్గించాడు. ఈసారి కాగితం బూడిద రంగులో వచ్చింది. పైన పంపినవాడి నంబరు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

“పడిందే!” అన్నాడు ధర్మరాజు.

పాపారావు నంబరు జోలికి పోలేదు. కింది రెండు ముక్కలూ కూడబలుక్కుని పైకి చదివాడు. “నీ ఫొటో నా దగ్గరుంది. మాట్లాడకపోతే అమలాపురం బస్టాండంతా అతికిస్తా.”

పాపారావు కాగితం మీంచి తలెత్తాడు.

“ఫొటో ఎందుకిచ్చేవమ్మా వాడికి?”

“ఇవ్వలేదండి. హాస్టలు అప్లికేషను మీద అతికించింది. నంబరు కూడా దాని మీదే రాసేను.”

“అయితే ఆ ఆఫీసు గుమాస్తా ఎవడో అయ్యుంటాడు. ఆడపిల్ల కాగితం కనబడితే చొంగ కార్చుకునే వెధవ! వాణ్ణి కాదు, కన్నవాళ్ళననాలి. అదేం పెంపకం? స్టేషన్లో ఒకటిచ్చెయ్. ఇంట్లో ఒకటి చూపించు. ఇంకోటి తీసుకెళ్ళి వాడి బాబు మొహాన కొట్టు.”

“ఆయ్. అలాగే మూడు తీయండి. స్టాంపు కూడా వేస్తారాండీ? ఎక్కడ తీసేరో తెలియాలి కదండీ.”

“వేస్తా, సంతకం కూడా పెడతా. ఎవడైనా అడిగితే నేనొచ్చి చెప్తా!” పాపారావు సొరుగు లాగి స్టాంపు తీశాడు. “కొత్తది. షాపు పేరు, రెండు సెల్ నంబర్లు, నాదీ మా అబ్బాయిదీ... యశ్వంతే దగ్గరుండి చేయించేడు.”

మూడు కాగితాల మీదా ఊదారంగు ముద్రలు పడ్డాయి. కింద వంకర్లు తిరిగిన సంతకాలు.

సత్యదుర్గ రెండు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. మూడోది కౌంటరు మీదే వదిలి మెట్లు దిగబోయింది.

“ఓ అమ్మాయ్! ఒకటి మర్చిపోయేవు.”

ఆమె వెనక్కి తిరిగింది.

“పైన నంబరూ, మీ స్టాంపులో రెండో నంబరూ ఒకటేనండి బాబాయిగారూ, అది మీ కాపీ.”