సరస్సులో బ్రాంకో

క్రేను గొలుసు బిగుసుకుంది. సరస్సు అడుగున ఏదో కదిలింది.

"ఆపించెయ్యరా కర్ట్. పోయినవాణ్ణి అక్కడే ఉండనీ," అంది సిగ్రిడ్. ముందు నిలబడ్డ జనం అడ్డమై నీళ్లు కనబడక, చేపల ఐసుపెట్టె ఎక్కి చూస్తోంది.

"నాన్నని చర్చి పక్కన పడుకోబెట్టొద్దా అమ్మా? ముప్ఫయ్యేళ్లుగా ఉత్త రాయికే పూలు పెడుతున్నాం," అన్నాడు కొడుకు.

ఆ బ్రాంకో జీపు డెబ్భై ఎనిమిదిలో కొన్నది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి టాపు. మిన్నెసోటా మంచులో కూరుకుపోయిన ఊరి కార్లన్నిటినీ అదే బయటికి లాగింది. వేటాడిన దుప్పుల్ని మోసింది. సిగ్రిడ్ మొగుడు టోర్వాల్డ్‌కి అదంటే ప్రాణం. స్టీరింగు మీద పెళ్లాం చెయ్యి కూడా పడనిచ్చేవాడు కాదు. మహా మొండివాడు. తాగితే ఇక చెప్పక్కర్లేదు.

ఆ చివరి చలికాలం సిగ్రిడ్ చేతికి పిండికట్టు ఉండేది. మెట్ల మీద జారిపడ్డానని అందరికీ చెప్పుకుంది. కట్టు విప్పిన కొన్నాళ్లకే, గడ్డకట్టిన సరస్సు మీద మంచు పలచబడుతుంటే, చేపలకని దాని మీదికే బండేసుకుని వెళ్లిన టోర్వాల్డ్ మళ్లీ రాలేదు. "వద్దంటే విన్నాడా?" అని ఆమె ఏడిస్తే ఊరు ఊరంతా ఏడ్చింది.

బండి పైకి తేలింది. ఒళ్లంతా బురద, నాచు. కర్ట్ చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడా ఊరి పోలీసు డ్వేన్, దగ్గరికెళ్లి అద్దం తుడిచి ఆగిపోయాడు.

"ఒరేయ్, అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి."

గడ్డకట్టిన సరస్సు మీదికి బండి తోలేటప్పుడు అద్దాలు దించాలని, బెల్టు విప్పాలని ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. మంచు విరిగితే బయటికి దూకాలి కదా.

"మా నాన్నా? చలికి నేను ఏడ్చినా ఎత్తేవాడు కాదురా!" అన్నాడు కర్ట్.

"పెద్దమ్మా, నువ్విటు రాకు!" అని అరిచాడు డ్వేన్.

సిగ్రిడ్ రాలేదు. పెట్టె మీంచి కదలనేలేదు.

తలుపు ఊడదీశారు. టోర్వాల్డ్ ఉన్నాడు. వేటకోటులో ఎముకలై, బెల్టు బిగించుకుని, పక్కసీట్లో ఉన్నాడు.

ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు మాత్రం, పెట్టె ఎక్కితే తప్ప నీళ్లు కనబడని మనిషికి కాళ్లందేలా, స్టీరింగు దాకా ముందుకు జరిపి ఉంది.