నూరో రోజుకు ముందు

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి, జుట్టు కొనేవాళ్ళు మళ్ళీ వచ్చారనుకుంది అత్తగారు.

"మా కోడలి జుట్టు పోయిన నెలే కోసి ఇచ్చేశాం. ఇక నా నెత్తిన నాలుగు వెంట్రుకలున్నాయి. కావాలంటే అవీ పట్టుకుపో."

వచ్చినామె నవ్వింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో తోలు సంచి, బూట్ల నిండా కొండదారి బురద.

"జుట్టుకు రాలేదమ్మా. ఈ ఇంట్లో ఏడాది నిండకుండా పోయిన పిల్లలు ఎందరో అడుగుదామని వచ్చాను."

పొయ్యి ముందు కూర్చున్న కోడలు బునీ చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి వెళ్ళింది. ఎనిమిదో నెల.

ఇద్దరు. పిల్లాడు ఆరో రోజున, పిల్ల తొమ్మిదో రోజున. ఇద్దరికీ దవడలు బిగుసుకుపోయాయి. ఇద్దరికీ పేరు లేదు.

నూరు రోజులు బతికితేనే ఆ ఊళ్ళో బిడ్డ పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఎక్కనివాళ్ళు పుట్టనూ లేదు, పోనూ లేదు.

వాళ్ళ మాట ఎత్తితే లోపలున్నది వింటుందేమోనని బునీ భయం. విని, తన దారీ అదే అనుకుంటుందేమో.

"ఎవరూ పోలేదు," అంది అత్తగారు.

వచ్చినామె బునీ వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా."

నాలుక చివరిదాకా వచ్చిన మాటను బునీ మింగేసింది.

"ఎవరూ లేరండీ."

వెంట వచ్చిన ఊరిపెద్ద మురిసిపోయాడు. ఇంటింటా ఇదే జవాబు. మన ఆడవాళ్ళ జుట్టు సవరాలై ఓడలెక్కుతోందనీ, దేశం ఏటేటా సంపన్నమవుతోందని రేడియో చెబుతోందనీ, ఆ కలిమి ఈ కొండెక్కి వచ్చిందంటే పిల్లల సంగతి అదే చూసుకుంటుందనీ చెప్పుకొచ్చాడు.

"అది వచ్చేదాకా కడుపులోది ఆగుతుందా పెద్దయ్యా?"

అలా అంటూనే ఆమె కాగితం మీద సున్నా చుట్టింది. వెళ్ళబోతూ, బొడ్డు దేనితో కోస్తారని అడిగింది.

అత్తగారి చూపు గోడకున్న కొడవలి మీదికి పోయింది. వచ్చినామె ఏదో చెప్పబోయింది. కానీ పోయినవాళ్ళను తలుచుకుంటూ వచ్చిన మనిషిని అంతసేపు గుమ్మంలో నిలబెట్టడం అత్తగారికి ఇష్టం లేదు. కీడు పోవాలని గుప్పెడు ఉప్పు తీసి ఆమె కాళ్ళ ముందు విసిరింది.

ఆమె కనుమ వైపు నడిచింది.

నెల తిరిగింది. తెల్లవారేసరికి మంచు, మధ్యాహ్నానికి నొప్పులు.

అత్తగారు కొడవలి దించి పావడా అంచుతో తుడిచింది. ఆ చప్పుడుకు బునీ కళ్ళు గట్టిగా మూసుకుంది.

సంత నుంచి వచ్చిన మొగుడు మాన్సు తలుపవతల మంచు దులుపుకుంటున్నాడు. తన వెనకే కనుమ మూసుకుపోయిందన్నాడు. ఆ తోలుసంచి ఆమె అవతలి ఊళ్ళో ఇల్లు తీసుకుందనీ, పిల్లలు పదకొండుమంది పోయారని అక్కడి ఆడవాళ్ళు ఆమెతో చెప్పుకున్నారనీ అన్నాడు.

"ఇల్లెందుకు?" పళ్ళ బిగువున అడిగింది బునీ.

"మంత్రసానట. పసివాళ్ళు ఎక్కువగా పోతున్న ఊరేదో చూసుకుని, అక్కడే ఉండిపోదామని వచ్చిందట."