ఎర్ర కషాయం

“కీమో మందు పూర్తి మోతాదు ఎక్కిస్తే మీ నాన్నగారు తట్టుకోలేరమ్మా. రక్తపరీక్ష అదే చెబుతోంది. వాంతులు, నోటిపూత, తెల్లకణాలు పడిపోవడం... తగ్గించి ఇస్తే గడ్డ ఎంతవరకు కరుగుతుందో చెప్పలేను. ఏది కావాలో ఆయన్నే అడగండి,” అన్నాడు డాక్టర్ షుయే.

“ఆయన్నా? నెమ్ము చేసిందని చెప్పి తీసుకొచ్చానండీ!” అంది రుయీ.

కేన్సరని రోగికి చెప్పే అలవాటు చైనాలోని ఈ కున్‌మింగ్ ఇళ్ళల్లో లేదు. డాక్టరు ఇక రెట్టించలేదు.

రుయీ వార్డుకొచ్చి ఫ్లాస్కు మూత తీసి గిన్నెలోకి వంచింది. ఎండు రేగుపళ్ళు, పొట్టు తీయని వేరుశనగలు, బెల్లం వేసి కాచిన ఎర్ర కషాయం. ఆ వార్డులో ఏ మంచం దగ్గరైనా అదే వాసన.

“రక్తం ఏమందే?” అడిగాడు తండ్రి కోంగ్.

“కాస్త నీరసమట, అంతే. ఇది తాగు నాన్నా, రక్తం పడుతుంది.”

కోంగ్ గిన్నె అందుకున్నాడు.

“మీ అమ్మకి జబ్బు చేసినప్పుడు రోజూ నేనే కాచేవాణ్ణి. నేనూ ఇదే మాట చెప్పేవాణ్ణి, కాస్త నీరసమే అని.”

రుయీ ఫ్లాస్కు మూత బిగించింది.

ఆయన తీరిగ్గా, అడుగంటా తాగి గిన్నె పక్కన పెట్టాడు.

“మీ అమ్మ కూడా ఎందుకని ఒక్కనాడూ అడక్కుండా తాగేసేది. నమ్మిందనే అనుకున్నానే, ఇన్నేళ్ళూ.”

కూర్చోమన్నట్టు మంచం మీద కాస్త పక్కకి జరిగాడు.

“ఇప్పుడు చెప్పు తల్లీ. రక్తం ఏమంది?”