పిల్లి కుర్చీ పోవడం లేదు

"ఇంకా పిల్లే కనబడుతోంది!" అన్నాడు యజమాని.

ఆయనది కుర్చీలు చేసే కార్ఖానా. దాని వెబ్‌సైటు తెరవగానే ఒక ఊగుడు కుర్చీ, అందులో ముడుచుకుని నిద్రపోతున్న పిల్లి కనిపిస్తాయి. కొనేవాళ్లలో చాలామంది ఆ బొమ్మ చూసే ఫోన్ చేస్తారు. "పిల్లి ఉన్న కుర్చీ కావాలండీ" అంటారు.

ముప్ఫై ఏళ్లు తాను చెమటోడ్చి నిలబెట్టిన కార్ఖానాకి పిల్లి వల్ల పేరు రావడమేమిటని యజమానికి కడుపు మండింది. కొత్త కోటు కుట్టించుకున్నాడు. చేతులు కట్టుకుని, కెమెరా ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు దానివైపు గుడ్లురిమి చూస్తూ ఫొటో దిగాడు.

ముందురోజు పొద్దున ఆ ఫొటోని వెబ్‌సైటు చూసుకునే అమ్మాయికి ఇచ్చి, పిల్లి స్థానంలో పెట్టమన్నాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాలేదు ఆ అమ్మాయికి. ఫొటో చూసి, పిల్లిని చూసి, మళ్లీ ఫొటో చూసింది. సాయంత్రం ఏదో ఫోన్ వస్తే వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చింది. వచ్చాక "పనైపోయింది సార్" అంది.

తెల్లారి చూస్తే మళ్లీ పిల్లే.

"అసలు మార్చావా, లేదా?"

"మీ కంప్యూటర్ ఒకసారి చూసిన బొమ్మని లోపల దాచిపెట్టుకుంటుంది సార్. మళ్లీ అడిగితే సైటు దాకా వెళ్లకుండా, ఆ దాచుకున్నదే తీసి చూపిస్తుంది."

"అంటే ఒట్టి సోమరిపోతన్నమాట."

"టైమ్ ఆదా చేస్తుంది సార్. ఆ దాచుకున్నది ఖాళీ చేయాలి. బొమ్మ పేరు చివర ఒక నంబరు కూడా తగిలిస్తాను. పేరు మారితే ఇదేదో కొత్తదనుకుని మళ్లీ తెచ్చుకుంటుంది. కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా సార్?"

ఆయన లేచి సీటిచ్చాడు. అమ్మాయి పది నిమిషాలు కీబోర్డు టకటకలాడించింది. తెర నిండా కోటు, మీసం, ఉరిమే కళ్లు ప్రత్యక్షమయ్యాయి.

"అదీ!" అన్నాడు యజమాని. తన మొహం చూసుకుని తనే కాస్త జంకాడు గానీ పైకి తేలనివ్వలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఈ విద్యలో ఆరితేరిపోయాడు. చేతిలో ఉన్నది బటన్లు నొక్కే పాత ఫోనే అయినా ఊళ్లో వాళ్లందరి ఫోన్లకీ వైద్యం మొదలుపెట్టాడు. "నాకు పిల్లే వస్తోందండీ" అన్న పాపానికి వడ్రంగి మేస్త్రీకి అరగంట క్లాసు పీకాడు. మేస్త్రీ నాలుగుసార్లు ఖాళీ చేశాడు. భోజనం వేళ మించిపోతుంటే తెర వైపు చూడకుండానే "ఆఁ, వచ్చేశారు సార్, వచ్చేశారు" అన్నాడు.

ఎవరో పెద్దాయన ఫోన్ చేసి పిల్లి కుర్చీ కావాలని అడిగాడు.

"మీకు పాత బొమ్మ వస్తోందండీ. లోపల దాచుకున్నది ఖాళీ చేసి చూడండి, నేను కనిపిస్తాను."

"మీరెందుకు బాబూ, నాకు కుర్చీ చాలు" అన్నాడు పెద్దాయన.

ఆర్డర్లు ఎప్పట్లాగే వచ్చాయి. వచ్చిన ప్రతిదీ తన మీసం చలవే అన్నాడు యజమాని.

చిక్కంతా ఇంట్లో వచ్చింది. భార్య కంప్యూటర్లో పిల్లి హాయిగా నిద్రపోతూనే ఉంది. ఆయన స్వయంగా మూడుసార్లు ఖాళీ చేశాడు. పిల్లి కదల్లేదు.

"ఉండనివ్వండి" అంది భార్య. "ఇన్నేళ్లుగా మీ మొహమే చూస్తున్నాను. కంప్యూటర్లో కూడా అదే చూడాలా?"

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. మర్నాడు పొద్దున్నే అమ్మాయి బల్ల ముందు నిలబడ్డాడు.

"నంబరు తగిలించానన్నావు. మరి మా ఇంట్లో ఎందుకు రాలేదు?"

అమ్మాయి చూపు తెర వైపు తిప్పేసుకుంది. "ఆ కంప్యూటర్ కాస్త మొండిదేమో సార్."

"దాన్ని వాడే మనిషి లాగే. ఆదివారం ఇంటికి రా. అక్కడ నా ఫొటో రాలేదో, సోమవారం నుంచి నీ సీట్లో ఇంకొకళ్లు ఉంటారు."

ఆదివారం తలుపు తీసింది భార్యే. ఆవిడ మొహంలో నవ్వన్నది లేదు.

"నువ్వేనా ఆ అమ్మాయివి? వారం రోజులుగా నీ పుణ్యమా అని ఇంట్లో మనశ్శాంతి లేదు. రా, తొందరగా కానిచ్చి వెళ్లు."

అమ్మాయి తలొంచుకుని లోపలికి నడిచింది. యజమాని చేతులు కట్టుకుని, అచ్చం ఫొటోలో లాగే వెనక నిలబడ్డాడు. ఆ చూపు వీపుకి గుచ్చుకుంటుంటే అమ్మాయి రెండుసార్లు తప్పు మీట నొక్కింది.

"మంచినీళ్లు తెచ్చిపెట్టండి, పాపం నోరెండిపోయినట్టుంది" అంది భార్య.

ఆయన గ్లాసుతో తిరిగి వచ్చేసరికి పిల్లి లేదు. కోటుంది, మీసముంది.

"చూశావా!" అన్నాడు భార్యతో. గొంతులో చిన్నపిల్లాడి సంబరం. "దాచుకున్నది ఖాళీ చేయడం ఈ అమ్మాయికే చేతనవును. ఉద్యోగానికి ఢోకా లేదు ఫో! జీతం కూడా పెంచుతాను."

"సరే, మురిసింది చాలు. అమ్మాయిని నేను సాగనంపి వస్తాను."

ఆయన తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనని తాను చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ గేటు దాకా నడిచారు. భార్య ఒకసారి వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది.

"అమ్మయ్య, ఆయన ఫొటో ఆ ఒక్క కంప్యూటర్లోనే కనబడేలా ఆఫీసులో చేసిన మాయే ఇంట్లోనూ చేసేశావు," అంది గొంతు తగ్గించి, "మిగతా లోకానికి మాత్రం నేను ఆ రోజు ఫోన్లో చెప్పినట్టే, నువ్వసలు సైటులోంచి తీయనే తీయని ఆ పిల్లినే ఉంచెయ్యి తల్లీ."